ఆరు గుంటల సమాధుల జాగ గురించి ఒక దస్తావేజు లేఖరి బహిరంగ లేఖ

హైదరాబాద్ చుట్టూ ఉన్న జిల్లాల్లో భూమి రికార్డులు, సర్వే, లేఅవుట్ అనుమతులు చూసే అధికారులకు, వెంచర్లు వేసే వ్యాపారులకు, నాతోటి దస్తావేజు లేఖరులకు

అయ్యలారా, అమ్మలారా,

నమస్కారం. మీ దగ్గర ఫైళ్లు ఎక్కువ, మనుషులు తక్కువ. ముప్పై ఏళ్లుగా కార్యాలయాల ముందు చెట్టు కింద బల్ల వేసుకుని కూర్చునేవాణ్ని. ఆ సంగతి నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. కాబట్టి ఉపోద్ఘాతం వద్దు.

నగరానికి పడమర, ఔటర్ రింగ్ రోడ్డుకు కూతవేటు దూరంలో మా ఊరు. చెరువు కట్ట దిగాక మా కుటుంబపు సమాధుల జాగ ఉంది. ఆరు గుంటలు. గుంటకు 121 గజాల లెక్కన 726 గజాలు. ఇప్పుడు దాని చుట్టూ ఒక వెంచర్ ప్రహరీ ఉంది, ప్రహరీకి గేటుంది, గేటుకు తాళముంది. తాళంచెవి మా దగ్గర లేదు. రెండేళ్లలో నాలుగు అర్జీలు పెట్టుకున్నాం. మూడింటికి రసీదులిచ్చి ఊరుకున్నారు. నాలుగోదానికి ‘సంబంధిత పత్రాలు జతపరచలేదు’ అని జవాబొచ్చింది. మేం జతపరిచిన తొమ్మిది పత్రాలూ ఆ జవాబు వెనకే పిన్ను కొట్టి వచ్చాయి.

ఊరి పేరు, సర్వే నంబరు ఇక్కడ రాయడం లేదు. అర్జీల్లో ఉన్నాయి. బయటపెడితే విషయం తేలేలోపే జేసీబీ వచ్చి పని కానిచ్చేస్తుందని మా ఇంటివాళ్ల భయం. ఆ భయం ఊరికే పుట్టింది కాదు.

మేం లింగధారులం. మాలో పోయిన మనిషిని కాల్చరు. కూర్చోబెట్టి, ఇష్టలింగాన్ని చేతిలో పెట్టి, విభూతి, మారేడు పత్రి వేసి సమాధి చేస్తారు. అందుకని మా సమాధులు పొడుగ్గా ఉండవు, చదరంగా ఉంటాయి. పైన దంగు సున్నంతో కట్టిన గద్దె, గద్దె మీద చిన్న లింగమో నందో.

అక్కడ నలభై ఒక్క సమాధులున్నాయి. ఉండేవి అనాలి, ఇప్పుడు ముప్పై ఎనిమిది. అన్నిటికంటే పాతదాని మీద అక్షరాల్లేవు, చెవులు అరిగిపోయిన నంది ఒక్కటే. దాని పక్క రాయి మీద తెలుగు అంకెల్లో ౧౨౯౩ అని ఉంటుంది. చూసినవాళ్లు ఏడొందల ఏళ్ల నాటిదని ఆశ్చర్యపోతారు, అదేం కాదు. అది నిజాం కాలపు ఫసలీ సంవత్సరం, అప్పటి సర్కారు లెక్క. 590 కలుపుకుంటే 1883 వస్తుంది.

దక్షిణం వైపు ఐదు చిన్న గద్దెలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఐదింటి మీదా ఒకటే అంకె, ౧౩౨౮. అంటే 1918 చివర, 1919 మొదట. దేశంలో కోటిమందికి పైగా జనాన్ని పొట్టన పెట్టుకున్న ఇన్‌ఫ్లుయెంజా రోజులవి. మా నాయనమ్మకు ఆ పేరు తెలియదు, ‘పెద్ద జరం’ అనేది. ఐదుగురిలో నలుగురు పదేళ్ల లోపు పిల్లలు. అందరికీ కలిపి నంది ఒక్కటే. విడివిడిగా చెక్కడానికి మనిషి దొరకలేదట, రాయి కొట్టే వడ్డెరల ఇళ్లలోనూ అదే ఏడుపు.

ఆ ఐదింటికి ఎడంగా, వేపచెట్టు మొదట్లో ఒక సమాధి మాత్రం పొడుగ్గా, ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది. అది మా వాళ్లది కాదు, ఒక సాయబుది. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచాక, మళ్లీ అలాంటిది రాకుండా గండిపేట దగ్గర ఉస్మాన్‌సాగర్ కట్టారు, 1920లో పూర్తయింది. కట్ట పనికి రాయి తోలిన బండ్లలో మా ముత్తాత బండి ఒకటి, ఈయన బండి ఒకటి. పెద్ద జరం ఏడాది ఊళ్లో శవాన్ని ముట్టేవాడు లేకపోతే మా పిల్లల్ని ఆయనే తన బండి మీద తెచ్చాడని, వారం తిరక్కుండా ఆయనా పోయాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. పెత్తరమాస నాడు మా గద్దెలకు విభూతి పెట్టడం అయ్యాక, మా ఆడవాళ్లు ఆ సమాధి దగ్గర ఊదుబత్తి వెలిగించి గుప్పెడు బంతిపూలు చల్లి వస్తారు. పేరు ఎవరికీ గుర్తు లేదు. ‘బండి తాత’ అంటారు.

ఇంకొక్కటి చెప్పి కాగితాల్లోకి వస్తాను. 1948 దాకా రాళ్లన్నిటి మీదా ఫసలీయే. 1951లో పోయిన మా పెద్దతాత రాయి మీద మొదటిసారి ఇంగ్లీషు సంవత్సరం, ఇంగ్లీషు అంకెలు. రాజ్యం మారిన సంగతి మా ఊళ్లో రాతలో ఎక్కింది అక్కడే.

‘ఇదంతా బాగానే ఉంది, కాగితం ఏది?’ అని అడిగారు. కాగితం ఉంది. మీ దగ్గరే ఉంది. పాత సేత్వార్‌లో, అంటే భూమి సర్వే రిజిస్టరులో, మా నంబరు విస్తీర్ణం 4 ఎకరాల 6 గుంటలు, శిస్తు కట్టింది మాత్రం 4 ఎకరాలకే. మిగతా 6 గుంటలు పోట్‌ఖరాబ్. అంటే సాగుకు రాదని శిస్తు లెక్కలోంచి తీసేసిన జాగ. బండ గానీ, వాగు గానీ, బాట గానీ, సమాధి గానీ ఆ గడిలోనే పడుతుంది. ఎందుకు తీసేశారో పక్కన ఉర్దూలో ఒక్క మాట ఉంది. పాతబస్తీలో ఒక పెద్దాయన భూతద్దం పెట్టి చదివి చెప్పాడు, ‘సమాధ్’ అని. 1954-55 ఖాస్రా పహాణీలోనూ ఆ 6 గుంటలు విడిగానే ఉన్నాయి. ఆ తర్వాతి పహాణీల్లో కైఫియత్ గడి, అంటే వివరం రాసే గడి, ఖాళీ. కంప్యూటర్‌లోకి ఎక్కించినప్పుడు పోట్‌ఖరాబ్ గడిలో సున్నా పడింది. నాగలి తగలని నేల ఒక్క సున్నాతో పంట భూమి అయిపోయింది.

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. 2006లో మా పెద్దనాయిన కొడుకులు ఆ నంబరు అమ్మారు. బోరు అప్పులు, ఆడపిల్ల పెండ్లి, పైగా భూమి రేట్లు ఆకాశంలో ఉన్న రోజులు. వాళ్లను తప్పుపట్టను. కొన్నాయన కూడా మంచివాడే, ‘సమాధుల జోలికి రాను’ అని నలుగురి ముందు అన్నాడు. దస్తావేజు రాసింది నేనే. కంప్యూటర్ పహాణీ ముందు పెట్టుకుని ‘య. 4-06 గుం.’ అని రాశాను. మా గురువు నేర్పిన పాత ఫక్కీలో ‘నిధి నిక్షేప జల పాషాణ’ అంటూ అష్టభోగాలూ, అంటే భూమి మీది ఎనిమిది హక్కులూ, రాశాను. పాషాణమంటే రాయి. ఆ రాళ్లలో మా నాయనమ్మ గద్దె కూడా పోతోందని రాస్తున్న చేతికి తట్టలేదు. ‘ఆగ్నేయ మూలన గల సమాధుల జాగ 6 గుంటలు మినహా’ అని ఒక్క ముక్క రాసి ఉంటే ఈ లేఖ ఉండేది కాదు. భూమి ఆ తర్వాత రెండు చేతులు మారింది. మూడో ఆయన దగ్గరికి నోటిమాట చేరలేదు, నా కాగితం చేరింది.

నోటిమాట మోసే మనుషులూ పోయారు. పటేల్ పట్వారీలు 1984లో పోయారు. వాళ్లు చేసిన అన్యాయాలు తక్కువేం కాదు, కానీ ఏ నంబరులో ఎవరి సమాధి ఉందో వాళ్లకు తెలుసు. వీఆర్వోలు 2020లో పోయారు. హద్దురాయి కాడికి నడిపించుకుపోయి ‘ఇగో ఇదే’ అని కర్రతో చూపించే మస్కూరి తాత మా ఊళ్లో పోయి పదేళ్లయింది. నిజాం కాలంలో మా ఊరు అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా, తర్వాత హైదరాబాద్ జిల్లా, 1978 నుంచి రంగారెడ్డి. 2007లో పన్నెండు మున్సిపాలిటీలు, ఎనిమిది పంచాయతీలు నగరంలో కలిసినప్పుడు మా పక్క ఊళ్లూ కలిశాయి. ఊరు జానెడు కదల్లేదు. దాని కాగితాలు మాత్రం బీరువా నుంచి బీరువాకు తిరుగుతూనే ఉన్నాయి. తిరిగిన ప్రతిసారీ ఒకటో రెండో జారిపోయాయి.

మేం కోరుతున్నది ఈ నగరానికి కొత్తేమీ కాదు. సంతోష్‌నగర్ దగ్గరి పాయ్‌గా సమాధులేమిటి? ఒక నవాబుల కుటుంబపు సమాధుల జాగే. ఫ్రెంచి సేనాని రేమండ్ 1798లో పోయాడు. ఆయన సమాధి దగ్గరి మంటపం 2001లో కూలితే మళ్లీ కట్టారు, మూసారాంబాగ్ పేరులో ఆ మనిషి ఇంకా ఉన్నాడు. హష్మత్‌పేటలో బండరాళ్లు వలయంగా పేర్చిన ఇనుపయుగపు సమాధుల చుట్టూ కాలనీలు కమ్ముకున్నా, అవేమిటో చెప్పే పుస్తకాలైనా ఉన్నాయి. నవాబుకు సున్నపు నగిషీలున్నాయి, మా ముత్తాతకు సున్నపు గద్దె. మా కోసం టికెట్ కౌంటరు పెట్టమనడం లేదు, గేటు తాళం తీయమంటున్నాం.

దీనివల్ల మామూలు జనానికి ఏమవుతోందో వరసగా రాస్తాను.

1. పోయిన వేసవిలో మా చిన్నమ్మ పోయింది. ఎనభై రెండేళ్లు. చిన్నాయన పక్కన జాగ అట్టిపెట్టమని పదేళ్లుగా చెబుతూనే ఉంది. పొద్దున తొమ్మిదికి గేటు దగ్గరికి తీసుకుపోయాం. కాపలా పిల్లవాడు బీహార్ వాడు, వాడి తప్పేం లేదు, ‘సార్‌తో మాట్లాడండి’ అని ఫోన్ చేతికిచ్చాడు. సార్ ఎత్తలేదు. ఐస్ బాక్సుకు కరెంటు కావాలి కదా, ఎదురుగా ఉన్న టైర్ల దుకాణం వాళ్లు వైరు లాగి ఇచ్చారు. పన్నెండింటికి ఫోన్ ఎత్తి, ‘లోపల ప్లాట్లు అమ్ముడుపోయాయి, శవాన్ని రానిస్తే కొన్నవాళ్లు నా మీద పడతారు’ అన్నాడు. మా పూజారి జంగమయ్య విభూతి పళ్లెం పట్టుకుని ఎండలో నిలబడ్డాడు, కాసేపటికి చెమటకు పళ్లెం అంచు తడిసి విభూతి ముద్దకట్టింది. దగ్గర్లో దహనవాటిక ఉంది కదా అని ఒకాయన సలహా ఇచ్చాడు, మంచి మనసుతోనే. మూడింటికి వియ్యాలవారు పెద్దమనసు చేసుకుని, సంగారెడ్డి అవతల వాళ్ల చెల్కలో ఒక మూల ఇచ్చారు. అప్పటికప్పుడు గుంత తవ్వించి, దీపాలు పెట్టే వేళకు సమాధి చేశాం. చిన్నాయన ఇక్కడ, చిన్నమ్మ అక్కడ. ఆ చెల్కను రేపు వాళ్లూ అమ్ముకుంటే? ఆ దస్తావేజు ఎవరు రాస్తారో?

2. ప్లాట్లు కొన్నవాళ్లూ మోసపోతున్నారు. ఈఎంఐ మీద 200 గజాలు కొన్న పిల్లగాడు పునాది తవ్వితే కూర్చున్న మనిషి ఎముకలు బయటపడతాయి. కూలీలు పార పడేసి వెళ్లిపోతారు. ఆ ఇల్లు అద్దెకు పోదు, మళ్లీ అమ్ముడుపోదు. మేం కోర్టుకెళ్తే వాడికీ నోటీసు వస్తుంది. మేం వాడి శత్రువులం కాదు, మా ఇద్దరికీ అదే కాగితం దెబ్బ కొట్టింది.

3. మాకు సేత్వార్ నకలైనా ఉంది. మా ఊరి దళితవాడ వాళ్ల బొందలగడ్డ చెరువు శిఖం (నీళ్లు నిలిచే నేల) అంచున ఉండేది. ఇప్పుడక్కడ రోడ్డుంది. ఇనాం భూమి మూలన, ఎవరో రైతు ‘పెట్టుకోండి’ అన్న చోట, తరాలుగా పెట్టుకున్న కుటుంబాలు ఎన్నో. కరీంనగర్ కార్ఖానాగడ్డలో దీపావళి పండుగను సమాధుల దగ్గరే చేసుకుంటారు, సున్నాలేసి, దీపాలు పెట్టి, పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి. వాళ్లకు వెళ్లడానికి చోటుంది. మా ఊరి వాడ వాళ్లకు డివైడర్ మీద దీపం పెట్టుకోవడమే మిగిలింది. పెట్టారు కూడా, నేను చూశాను.

4. కూలిన మూడు సమాధుల్లో ఒకటి ౧౩౨౮ వరసలోది. జేసీబీ బకెట్ తగిలి గద్దె నిలువునా చీలింది, దంగు సున్నం లోపల గవ్వలు కనిపించాయి. పిల్ల సమాధి కదా, కట్టేటప్పుడు ఆటకు వేసి ఉంటారు. వందేళ్ల కిందటి గవ్వలు. ఆరేడు ఏరి తెచ్చాను, మిగతావి మట్టితో పాటు టిప్పర్‌లో పోయాయి.

‘ఎముకలు తీసి వేరే చోట పెట్టిస్తాం, ఖర్చంతా మాదే’ అని వెంచర్ తరఫున ఒక పెద్దమనిషి వచ్చి మాట్లాడాడు. మర్యాదగానే మాట్లాడాడు, చాయ్ తాగి వెళ్లాడు. లింగైక్యమైన మనిషిని లేపకూడదన్నది మా ఆచారం. పైగా 1883 నాటి సమాధిలో తీయడానికి ఏముంటుంది, మట్టే. బండి తాత తరఫున సంతకం ఎవరు పెట్టాలి? దానికి ఆయన దగ్గర జవాబు లేదు.

చట్టం కొత్తగా చేయనక్కర్లేదు. ఒకరి మనసు నొప్పించాలనిగానీ, నొచ్చుకుంటారని తెలిసిగానీ సమాధుల జాగలో చొరబడితే భారతీయ న్యాయ సంహిత 301వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పాత శిక్షాస్మృతిలో అది 297. ఇంగ్లీషువాడు రాసిన కాలం నుంచీ ఉంది. మేం ఎవరినీ జైలుకు పంపాలనుకోవడం లేదు. ఆ సెక్షన్ ఉందని తెలిస్తే చాలు, బకెట్ ఆగుతుంది.

కాబట్టి మేం అడిగేవి ఇవి:

1. టీపన్ (సర్వే కొలతల పటం), సేత్వార్ ముందు పెట్టుకుని మా సమక్షంలో, వెంచర్ వారి సమక్షంలో ఆ నంబరును కొలవండి. ఆగ్నేయ మూల 6 గుంటలకు హద్దురాళ్లు పాతండి. కొలిచేదాకా లోపల తవ్వకం ఆపించండి.

2. రికార్డులో పోట్‌ఖరాబ్ గడిలో సున్నా తీసేసి 6 రాయండి, పక్కన ‘సమాధులు’ అని తెలుగులో రాయండి. పట్టా మా పేరున అక్కర్లేదు. ఆ నేలను ఎవరూ అమ్మకూడదు, మా వాళ్లు సహా. మా వాళ్ల సంగతి నాకు తెలుసు కాబట్టే అంటున్నాను.

3. కట్ట మీది నుంచి అక్కడికి బండి పట్టేంత బాట ఇప్పించండి. బాట లేని సమాధుల జాగ ఉన్నా లేనట్టే. పెత్తరమాసకు, ఇంట్లో చావు జరిగిన రోజున గేటు తెరవాలన్నది రాతలో ఉండాలి.

4. లేఅవుట్‌కు అనుమతిచ్చే ముందు దరఖాస్తులో ఒక్క ప్రశ్న పెట్టండి: ఈ నేలలో సమాధులున్నాయా? ఉంటే వాటిని ప్లాట్ల లెక్కలోంచి తీసి, నక్షాలో చూపించమనండి. వ్యాపారికి పోయేది రెండు మూడు ప్లాట్లు, కొన్నవాళ్లకు తప్పేది జన్మంతా తలనొప్పి.

5. ఔటర్ లోపలా బయటా మిగిలిన కుటుంబ సమాధుల జాగలను, బొందలగడ్డలను ఊరూరా తిరిగి రాయించండి. చూపించగల ముసలివాళ్లు ఇంకా కొద్దిమంది ఉన్నారు. మా ఊళ్లో ముగ్గురు. ఒకామెకు చూపు ఆనదు, అయినా చెయ్యి పట్టుకుని నడిపిస్తే అడుగులు లెక్కపెట్టి చెబుతుంది.

నాతోటి లేఖరులకు వేరే ఒక మాట. అమ్మేవాణ్ని మనం బోరుందా, కరెంటు మీటరుందా, చెట్లెన్ని అని అడుగుతాం. సమాధులున్నాయా అని కూడా అడుగుదాం. ఉన్నాయంటే ‘మినహా’ అని రాద్దాం. కొనేవాళ్లు ముఖం చిట్లిస్తారు, ఒకటి రెండు బేరాలు పోతాయి. పోనీయండి. ఏడాదిగా నేనలాగే రాస్తున్నాను. పోయిన బేరాలు రెండు.

సర్వే తేదీ ఒక వారం ముందు చెబితే చాలు. గొలుసు పట్టడానికి మా ఇంటి పిల్లలు నలుగురు వస్తారు, ముళ్లకంప కొట్టే పని మాది. సేత్వార్ నకలు, టీపన్ నకలు, ఖాస్రా పహాణీ, నేను రాసిన 2006 దస్తావేజు, చీలిన గద్దె ఫోటోలు, మీరు వెనక్కి పంపిన తొమ్మిది పత్రాలు, అన్నీ ఒకే సంచిలో పెట్టి ఉంచాను. వచ్చే సర్వేయరు గారు గేటు తాళంచెవి మాత్రం వెంట తెప్పించుకోవాలి.

ఇట్లు,
ఆ ఊరి ఒక దస్తావేజు లేఖరి